నడవమంటారు సరే, గేటు తాళం ఎప్పుడు తీస్తారు?

తిరుపతి నగర పాలన చూస్తున్న అధికారులకు, విద్యాశాఖ వారికి, ఆహార భద్రత అధికారులకు, మా వార్డు ప్రజాప్రతినిధులకు

నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన మనిషిని. తిరుపతిలో, వాకిట్లో నిలబడితే కొండ కనబడే ఒక కాలనీలో ఉంటున్నాను. ఉత్తరం రాస్తున్నది నేనే అయినా ఇందులో మాట మా ఇరవై రెండు మందిది. అందరం ఆడవాళ్లమే. ఒకరు లాడ్జీలో గదులు శుభ్రం చేస్తారు, ఇద్దరు ఇంట్లో మిషన్ కుడతారు, ఒకామె పూలు కట్టి అమ్ముతుంది, ఇంకొకామె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పొదుపు సంఘంలో కలిశాం. రెండేళ్లుగా కలిసి నడుస్తున్నాం, ఇంట్లో వంటలు కాస్త కాస్తగా మార్చుకుంటున్నాం.

మేము ముఖ్యంగా అడిగేది ఒక బడి మైదానం గేటు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరవమని. ఈ మాట చెప్పుకోవడానికి సోమవారం అర్జీల కార్యక్రమానికి మూడుసార్లు వెళ్లాం. పని మానుకుని, ఆ రోజు కూలి వదులుకుని వెళ్లాం. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. మొదటి అర్జీకి ఏ జవాబూ లేదు. రెండోదానికి సంబంధిత శాఖకు పంపామన్నారు. మూడోదానికి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. అది చూసి నిజంగానే సంతోషపడ్డాం. మరునాడు తెల్లవారి అయిదు గంటలకు పదకొండు మందిమి మైదానం దగ్గరికి పోయాం. గేటుకు అదే తాళం, అదే గొలుసు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

అది ఏ ఆఫీసో, ఏ బడో పేరు రాయడం లేదు. ఎవరి ఉద్యోగం మీదికీ తేవాలని మాకు లేదు. గేటు తెరిస్తే చాలు.

ఇది ఎక్కడ మొదలైందంటే

నా సర్వీసులో మొదటి సగమంతా కాన్పులు, టీకాలు, విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. రెండో సగం బీపీ మిషన్, షుగర్ స్ట్రిప్పులు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. చూసి, కార్డులో రాసి, "రోజూ అరగంట నడువమ్మా, ఉప్పు తగ్గించు, నూనె తగ్గించు" అని చెప్పి పంపేదాన్ని. ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో లెక్క లేదు. ఒకసారి పూలమ్మే అక్క చేతికి కట్టిన బీపీ పట్టా విప్పుతుంటే నన్ను నిలదీసింది. "నడవమంటావు, సరే. యాడ నడిచేది మా? నువ్వే వచ్చి చూపిచ్చు."

ఆమె వెంట ఇంటికి వెళ్లాను. సందు వెడల్పు ఆరడుగులు. అందులో రెండు బైకులు, నీళ్ల డ్రమ్ము, పక్కనే మూత లేని కాలువ. సందు దాటితే మెయిన్ రోడ్డు, ఆటోలు, యాత్రికుల బస్సులు. ఆ రోజు ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. రిటైరయ్యాక మొదట చేసిన పని ఆమెను పిలిచి "రా అక్కా, వెతుకుదాం" అనడమే.

ఇది మా కాలనీ ఒక్కదాని బాధ కాదని మీకూ తెలుసు. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పెద్దవాళ్లలో మూడోవంతు మందికి బీపీ. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో మూడోవంతుకు మించి ఆడవాళ్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో సగానికి మించి ఆడవాళ్లకు రక్తం తక్కువ. ఈ రెండూ వేరువేరు ఇళ్లలో ఉంటాయనుకుంటారు చాలామంది. నేను ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో చూశాను. కడుపు నిండుతోంది గానీ ఒంటికి పట్టే తిండి కాదది.

మా చేతనైనంత మేము చేశాం

ఒక నెలపాటు అందరినీ నూనె ప్యాకెట్ల ఖాళీ కవర్లు పారేయకుండా దాచమన్నాను. నెలాఖరున తెచ్చి మా వరండాలో పోశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలు. అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మాలో నలుగురున్న ఇళ్ల నుంచి ఆరు కవర్లకు తక్కువ తెచ్చింది ఇద్దరే. మా ఇంటివే ఆరు. ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. కానీ ఆ కవర్ల కుప్ప చూశాక నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాలేదు. తాలింపుకు గరిటె బదులు టీ స్పూను వాడదామని వాళ్లే అనుకున్నారు.

తిండి విషయంలో కొత్తవేవీ తేలేదు. మన చిత్తూరు సీమలో పెద్దవాళ్లు తిన్నవే మళ్లీ పొయ్యి మీదికి తెచ్చుకున్నాం. పుల్లగూర, ఉలవచారు, చలికాలంలో పితికిపప్పు, సాయంత్రం పిల్లలకు అలసంద గుగ్గిళ్లు, ఉడికించిన చెనక్కాయలు. ఆదివారం రాగిసంగటి. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో అది పది కూడా ఉండదు. అయితే చిరుధాన్యాలు తింటే షుగర్ మాయమైపోతుందని చెప్పేవాళ్లతో నేను ఒప్పుకోను. సంగటి ముద్దలు మూడు తింటే షుగర్ పెరుగుతుంది, నేనే కొలిచి చూశాను. ముద్ద తగ్గించి ఆకుకూర పెంచుకోవాలి. మాత్ర ఎవరూ మానకూడదు. మా గుంపులో మొదటి నియమం అదే.

నడక అందరికీ నచ్చలేదు. వయసులో ఉన్న పిల్లలు రెండు రోజులు వచ్చి మానేశారు. అప్పుడు కోలాటం మొదలుపెట్టాం. మన వైపు భజన మండళ్లకు కొదవలేదు కదా, ఉత్సవాలకు కోలాటం ఆడివచ్చిన పెద్దమ్మ ఒకామె మా వీధిలోనే ఉంది. సాయంత్రం ఆరు గంటలకు రామాలయం ముందు కొంగులు బిగించి నిలబడతాం. మొదటి పది నిమిషాలు కర్రలు నెమ్మదిగా, తర్వాత వేగం. గుండ్రంగా తిరుగుతూ వంగి, లేచి, పక్క మనిషి కర్రకు తగిలించాలి. ఇరవై నిమిషాలకు జాకెట్లు తడిసిపోతాయి, మాట్లాడగలం గానీ పాట పాడలేం. వ్యాయామం సరిపోయిందనడానికి నేను చెప్పే గుర్తు అదే. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఆ మాత్రం ఒళ్లు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోకాళ్ల నొప్పితో నిలబడలేని ఒకామె కుర్చీలో కూర్చుని తాళాలు వాయిస్తుంది. రామాలయం ముందు పన్నెండు మందికే చోటు. మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు.

గత కార్తీకంలో జరిగింది కూడా చెప్పాలి. వాన పడి వెలిసిన తెల్లవారు. మైదానం మూసే ఉంది కాబట్టి మెయిన్ రోడ్డు పక్కనే నడుస్తున్నాం. మూల మీద దీపం వెలగదు. రోడ్డు మీది నీళ్లు, కాలువలోని నీళ్లు ఒకటై కనబడుతున్నాయి. వెనక నుంచి బస్సు హారన్ కొడితే పక్కకు జరిగిన మా మిషన్ కుట్టే చెల్లెలు నేరుగా కాలువలో పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీ. పండుగ సీజను జాకెట్లన్నీ వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాయి. ఆమె సంపాదన మీదే ఇద్దరు పిల్లల ఫీజులు. రోజూ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో "రేపు రెడీ" అని మెసేజ్‌లు వస్తాయి. ఆ రాత్రి ఒక్కటీ రాలేదు. తర్వాత కొంతమంది మళ్లీ వచ్చారు, ఏడుగురు ఇప్పటికీ రాలేదు. వాళ్లలో అయిదుగురికి షుగర్ ఉంది.

ఆరోగ్యం మీద అవగాహన లేదని మమ్మల్ని ఇక ఎవరూ అనకండి. అవగాహన ఉంది. చోటు లేదు.

మీ ముందు పెడుతున్న విషయాలు

1. మైదానం. మా కాలనీ నుంచి ఆరు నిమిషాలు నడిస్తే ఆ ప్రభుత్వ ఉన్నత పాఠశాల వస్తుంది. చుట్టూ వేపచెట్లున్న మంచి మైదానం. బడి లేని వేళ గేటు మూస్తారు. భద్రత కోసమని చెబుతారు. అయితే వెనక గోడ ఒకచోట కూలి నడుమెత్తు మాత్రమే మిగిలింది. కుర్రవాళ్లు అది దూకి క్రికెట్ ఆడతారు. రాత్రిపూట తాగేవాళ్లూ అక్కడి నుంచే దూకుతారు, పొద్దున ఆయమ్మ సీసాలు ఏరుతుంది. మరి ఆ తాళం ఎవరిని ఆపుతోంది? గోడ దూకలేని వాళ్లను. అంటే ఆడవాళ్లను, ముసలివాళ్లను, చిన్నపిల్లలను. మా అర్జీ మొత్తంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

జూన్ 21న యోగా దినోత్సవానికి అదే మైదానం తెరిచారు. గడ్డి కోశారు, లైట్లు కట్టారు, నీళ్ల క్యాన్లు పెట్టారు. మేమంతా వెళ్లాం, బాగా జరిగింది. తెరవడం సాధ్యమేనని ఆ రోజు అందరం చూశాం. 22న తాళం పడింది.

ఇంకో మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. మా చుట్టుపక్కల అపార్టుమెంటు లాంటి బిల్డింగుల్లో నడిచే ప్రైవేటు బడుల పిల్లలకు మేడమీద నాలుగు పూలకుండీలు తప్ప ఏమీ లేవు. పిల్లలు రోజుకు గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలి. ఆ గంట ఆ పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? ఈ మైదానమే గతి.

2. ఫుట్‌పాత్. నివాస ప్రాంతాల్లో నడిచేవాళ్లకు ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. నడవడానికి వీలైన ఫుట్‌పాత్ పౌరుల జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మా రోడ్డు మీద ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్, షాపు బోర్డులు, నిలిపిన బైకులు ఉన్నాయి. లేనిచోట కాలువ ఉంది. దీనికి పరిష్కారం బండ్లవాళ్లను తరిమేయడం అని మాత్రం అనుకోకండి. మాలోనే ముగ్గురు ఫుట్‌పాత్ మీద అమ్ముకుని బతికేవాళ్లున్నారు. వీధి వ్యాపారులకు చోటు కేటాయించాలని 2014లో చట్టం వచ్చింది. వాళ్లకు గీత గీసి చోటివ్వండి, మిగిలింది నడిచేవాళ్లకు వదలండి. యాత్రికులకు కూడా అదే మేలు.

3. బడి గేటు ముందర. 2023 నుంచి ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇస్తున్నారు. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం. గేటు బయట పరిస్థితి వేరు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు ఎగబడేది అయిదు రూపాయల మసాలా ప్యాకెట్లకు, రంగునీళ్ల పౌచ్‌లకు. ఉప్పు, నూనె, చక్కెర మోతాదు మించిన తినుబండారాలను బడి క్యాంటీన్‌లోగానీ గేటు నుంచి 50 మీటర్ల లోపలగానీ అమ్మకూడదని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. నేను అడుగులు కొలుచుకుంటూ నడిచాను. మా వీధి బడి గేటు నుంచి మొదటి అంగడి పద్నాలుగు అడుగులు. ఆ అంగడి నడిపే అవ్వ మీద కేసు పెట్టడం పరిష్కారం కాదు. ఆమెతో నేను మాట్లాడాను. "చెనక్కాయలు, జామకాయలు పెడతా, ఎవురన్నా కొంటే కదా తల్లీ" అంది. వారం రోజులు మేమే రోజూ అయిదారుగురం అక్కడ కొన్నాం. పిల్లలూ కొన్నారు. వారం తర్వాత కంపెనీ వ్యాను వచ్చి మసాలా ప్యాకెట్ల కొత్త దండలు వేలాడదీసి పోయింది. ఒక అవ్వ, ఒక సంఘం ఆ వ్యానుకు ఎదురు నిలబడలేవు. నిబంధన అమలు చేయాల్సిన వాళ్లు నిలబడాలి.

4. రాత్రి షిఫ్టు వాళ్ల తిండి. ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. తిరుపతి రాత్రి పడుకోదు. రైళ్లు, బస్సులు, లాడ్జీలు, దర్శనానికి వచ్చిపోయే జనం. ఆ జనానికి గదులు ఊడ్చే వాళ్లు, లగేజీ మోసే కుర్రాళ్లు, ఆటో నడిపేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, గిన్నెలు తోమేవాళ్లు మా కాలనీలాంటి చోట్ల నుంచే వెళతారు. వాళ్లను నడవమని చెప్పడం నాకు సిగ్గనిపిస్తుంది. రోజుకు పన్నెండు గంటలు నిలబడే ఉంటారు. వాళ్లకు కావలసింది వేళకు మంచి తిండి, కూర్చోవడానికి ఒక స్టూలు, తాగడానికి నీళ్లు, ఏడు గంటల నిద్ర.

రాత్రి పదకొండుకు డ్యూటీ మధ్యలో బయటికొస్తే ఏం దొరుకుతుంది? పరోటా, ఫ్రైడ్ రైస్, బజ్జీలు, కూల్ డ్రింక్. నూరు మిల్లీలీటర్ల కోలా డ్రింకులో పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, వాళ్లు తాగేది సగం లీటరు బాటిల్. అయిదు రూపాయల అన్న క్యాంటీన్ ఇలాంటివాళ్లకు గొప్ప ఆసరా, కాకపోతే వాళ్లకు ఆకలేసే వేళకు అది మూతపడి ఉంటుంది. మా వీధి చివర ఆటో నడిపే తమ్ముడు పదేళ్లు అలాగే తిన్నాడు. షుగర్ ఉందని తెలిసేసరికే కాలి బొటనవేలికి పుండు. వేలు తీసేశారు. ఇప్పుడు బ్రేకు తొక్కలేక ఆటో అద్దెకిచ్చి ఇంట్లో ఉన్నాడు, పదో తరగతి చదివే కొడుకు సాయంత్రాలు హోటల్లో పనికి పోతున్నాడు. ఒక వేలు పోతే ఒక చదువు ఆగేలా ఉంది.

5. మరిగిన నూనె. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో, అది పాడయ్యేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం మించితే వాడకూడదన్న నిబంధన 2018 జూలై నుంచి అమల్లో ఉంది. కొలిచే పరికరం చేతిలో పట్టేంత ఉంటుంది. మా వైపు బండ్ల దగ్గర దాన్ని ఇప్పటివరకు మేము చూడలేదు.

మాకు వచ్చిన జవాబుల గురించి

పార్కు ఉంది కదా, అక్కడికి పోవచ్చు కదా అన్నారు ఒక సారు. ఉంది, బాగుంది. మాకు రెండు ఆటోలు మారాలి. రోజుకు పోను రాను అయ్యే చార్జీతో మా ఇళ్లలో ఒక పూట కూరగాయలు వస్తాయి. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, నూరు గ్రాముల పండ్లు తినమంటుంది అదే జాతీయ పోషకాహార సంస్థ. నడక కోసం కూరగాయలు మానుకోమంటే ఎలా?

ఇంకొకరు అలిపిరి మెట్లెక్కమన్నారు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో మేమూ ఎక్కుతాం, దేవుడి మీద భక్తితో. 3,550 మెట్లు రోజూ ఎక్కడం అరవై ఏళ్ల మోకాలికి వ్యాయామం కాదు, శిక్ష. పైగా ఎనిమిదింటికి డ్యూటీ ఉన్న మనిషికి తెల్లవారి ఉండేది ముప్పావుగంట.

మైదానం తెరిస్తే ఆస్తి పాడవుతుందన్నారు. మనుషులు లేని చోటే పాడవుతుందని నా అనుభవం. పొద్దునా సాయంత్రం వంద మంది తిరిగే చోట సీసాలు పగలవు. మైదానం మావైపు నుంచి చూసుకోవడానికి ఎవరు ఏ రోజు ఉంటారో పేర్లు, ఫోన్ నంబర్లతో పట్టిక రాసి మూడో అర్జీతోపాటే ఇచ్చాం. అది చదివారో లేదో తెలియదు.

డబ్బు లేదంటే మాత్రం ఒప్పుకోలేం. గేటు తెరవడానికి డబ్బు అక్కరలేదు. లైట్లకు కావాలి, నిజమే. అయితే ఒక మనిషికి కిడ్నీ పాడై డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడుసార్లు, బతికినంత కాలం. ఆ ఖర్చులో ఎంతో కొంత ప్రభుత్వమే భరిస్తోంది కదా. పార్కులు, ఆటస్థలాలు కల్పించడం పట్టణ స్థానిక సంస్థల పనుల జాబితాలో రాజ్యాంగమే రాసింది. ప్రజల పోషణ, ఆరోగ్యం మెరుగుపరచడం ప్రభుత్వ ప్రథమ కర్తవ్యాల్లో ఒకటని 47వ అధికరణం చెబుతోంది. దాతృత్వం అడగడం లేదు మేము.

మా డిమాండ్లు

1. ఆ ప్రభుత్వ పాఠశాల మైదానాన్ని ప్రతిరోజూ పొద్దున 5 నుంచి 7 వరకు, సాయంత్రం 5.30 నుంచి 7.30 వరకు తెరవాలి. వేసవిలో మన ఊళ్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం వేళ ఇంకో అరగంట ఇస్తే మేలు. ఇది ఒక బడితో ఆగకుండా, మైదానం ఉన్న ప్రతి ప్రభుత్వ బడికీ ఒకే ఉత్తర్వు ఇవ్వండి. హెడ్‌మాస్టరు దయమీద, భయం మీద వదిలేయకండి. ఏదైనా జరిగితే తన మీదికి వస్తుందని ఆయన భయం, దాన్ని మేము అర్థం చేసుకోగలం. రాతపూర్వక ఉత్తర్వు ఉంటే ఆ భయం పోతుంది.

2. మైదానంలో నాలుగు లైట్లు, కూలిన గోడకు మరమ్మతు, ఆడవాళ్లకు ఒక టాయిలెట్ వాడుకునే వీలు. టాయిలెట్ లేక షుగర్ ఉన్న ఆడవాళ్లు ఎంతమంది బయటికే రావడం లేదో మగ అధికారులకు తట్టకపోవచ్చు, అందుకే విడిగా రాస్తున్నాను.

3. మా కాలనీ నుంచి బడి వరకు ఉన్న కాలువకు మూతలు, మూల మీద దీపం. వానాకాలం లోపల.

4. బడుల చుట్టూ 50 మీటర్ల నిబంధనను అమలు చేయండి. ముందు అంగళ్లవాళ్లతో కూర్చుని మాట్లాడండి. పండ్లు, గుగ్గిళ్లు, చెనక్కాయలు, మజ్జిగ అమ్మేవాళ్లకు గేటు దగ్గర చోటు, బండికి రుణం ఇప్పించండి. ప్యాకెట్లు తెచ్చిపోసే డీలర్లను కూడా ఆ సమావేశానికి పిలవండి.

5. బస్టాండు, రైల్వే స్టేషన్ పరిసరాల్లో రాత్రి ఒంటిగంట వరకు నడిచే తక్కువ ధర భోజనం ఒక్కచోటయినా పెట్టండి. పెరుగన్నం, సంగటి, పప్పు, ఆకుకూర. వండటానికి మా పొదుపు సంఘం సిద్ధంగా ఉంది. షెడ్డు, నీళ్లు, కరెంటు మీరివ్వండి. లాడ్జీల, హోటళ్ల యజమానులకు కూడా ఒక మాట: మీ దగ్గర రాత్రి పనిచేసే వాళ్లకు అరగంట భోజన విరామం, కూర్చునే చోటు ఇవ్వండి.

6. నూనె పరీక్ష నెలకోసారి, బండి దగ్గరే, జనం ముందర. మొదటిసారి తేడా వస్తే జరిమానా వద్దు, చెప్పి చూడండి.

7. మూసేసిన మా మూడో అర్జీని తిరిగి తెరవండి. పరిష్కారమైందని రాసేముందు ఎవరైనా ఒకరు వచ్చి గేటు చూసి రాయాలి.

వచ్చే నెల మొదటి సోమవారం మళ్లీ వస్తాం. ఈసారి ఇరవై రెండు మందిమీ వస్తాం, మణికట్టు విరిగిన చెల్లెలితో సహా. ధర్నా చేయడానికి కాదు. నెలకు సరిపడా డ్యూటీ పట్టిక, తాళంచెవి తీసుకున్న వేళ, తిరిగి ఇచ్చిన వేళ రాసుకోవడానికి గీతలు కొట్టిన నోటుపుస్తకం తీసుకొస్తాం. మొదటి వారం పొద్దున వంతు నాది, సాయంత్రం వంతు పూలమ్మే అక్కది. 7 గంటలకు గేటు వేసి, 7.15 కల్లా తాళంచెవి వాచ్‌మన్ చేతికిస్తాం. సంతకం చేయించుకోండి.

ఇట్లు,
మీ ఊరి మహిళల నడక, కోలాటం బృందం తరఫున
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, తిరుపతి